పోర్టు బ్లెయిర్ నుంచి అగత్తికి గాలిలో దూరం ఎంత? నిజంగా ఎంతసేపు పడుతుంది?

సోంపేట కుర్రోడు అడిగినది:

అందరికీ నమస్కారం. పోర్టు బ్లెయిర్‌లో పని అయిపోయిన ఐదుగురు వెల్డర్లను ఇంటికి రప్పించకుండా అక్కణ్నుంచే లక్షద్వీప్‌లోని అగత్తికి పంపాలి. అందరూ సోంపేట, కవిటి మండలాల వాళ్లే. అటు పని ఇచ్చినవాళ్లు "ఏ తేదీకి దిగుతారో రాసి పంపండి" అన్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే ఒక్కో చోట ఒక్కో లెక్క కనిపిస్తోంది. ఒక సైటు 2,243 కిలోమీటర్లు, 2 గంటల 47 నిమిషాలు అంటోంది. ఇంకోటి 2,246 కిలోమీటర్లు, 3 గంటల 18 నిమిషాలు అంటోంది. టికెట్లు అమ్మే యాప్‌లో పెడితే ఒకసారి 26 గంటలని, ఇంకోసారి విమానమే లేదని వస్తోంది. వీటిలో ఏది నమ్మాలి? మూడు గంటల దారికి 26 గంటలు ఎందుకు పడుతుంది? పనిముట్లు కూడా వెంట ఉంటాయి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గంటస్తంభం (విజయనగరం):

మీరు చూసిన అంకెల్లో తప్పు లెక్క ఏదీ లేదు బాబూ. ఏ సైటు ఏం కొలిచిందో తెలిస్తే సరిపోతుంది. ముందు దూరం సంగతి చూద్దాం, ఇది మీరే ఫోన్‌లో వేసుకోవచ్చు.

అగత్తి విమానాశ్రయం 10.8237 ఉత్తర అక్షాంశం, 72.1760 తూర్పు రేఖాంశం మీద ఉంది. పోర్టు బ్లెయిర్‌ది 11.6412, 92.7297. రేఖాంశాల తేడా 20.5537 డిగ్రీలు. సైంటిఫిక్ కాలిక్యులేటర్ తెరిచి, డిగ్రీ మోడ్‌లో ఉందో లేదో మొదట చూసుకోండి. రేడియన్‌లో ఉంటే అర్థం లేని అంకె వస్తుంది, చాలామంది పొరబడేది అక్కడే.

సైన్ 10.8237 × సైన్ 11.6412 = 0.03789
కాస్ 10.8237 × కాస్ 11.6412 × కాస్ 20.5537 = 0.90077
రెండూ కలిపితే 0.93866

దీనికి కాస్ ఇన్వర్స్ తీస్తే 20.17 డిగ్రీలు. భూగోళం మీద ఒక డిగ్రీకి 111.19 కిలోమీటర్లు కాబట్టి 2,243 కిలోమీటర్లు. అదే 20.17ని 60తో గుణిస్తే 1,210 నాటికల్ మైళ్లు. మీ మొదటి సైటు లెక్క ఇదే.

ఈ లెక్కలో భూమి నున్నటి బంతి అనుకున్నాం. నిజానికి భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. ఈ రెండు దీవులూ భూమధ్యరేఖకు దగ్గరగా, దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నాయి. అందుకే ఆ ఉబ్బు లెక్కలోకి తీసుకుంటే దూరం మూడు కిలోమీటర్లు పెరిగి 2,246 అవుతుంది, అంటే 1,213 నాటికల్ మైళ్లు. రెండో సైటు వేసింది అది. దీన్నే వాడండి.

డిగ్రీకి 111 కిలోమీటర్లని రేఖాంశాల తేడాను నేరుగా గుణిస్తే మాత్రం 2,280 దాటిపోతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి, అది మరిచిపోవడం వల్ల వచ్చే తప్పు అది. కొన్ని సైట్లు లక్షద్వీప్ అనగానే రాజధాని కవరత్తిని పట్టుకుంటాయి. అప్పుడు దూరం ఓ యాభై కిలోమీటర్లు తగ్గుతుంది. కవరత్తిలో హెలికాప్టర్ దిగుతుందేగాని విమానం దిగే రన్‌వే లేదు.

ఇక సమయం. 2,243ని గంటకు 805 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే 2 గంటల 47 నిమిషాలు. ఎక్కడమూ దిగడమూ లేకుండా, గాలిలోనే పుట్టి గాలిలోనే ఆగిపోయే విమానానికి సరిపోయే లెక్క అది. రెండో సైటు 2,246ని 800తో భాగించి, పైకెక్కడానికీ కిందికి దిగడానికీ కలిపి అర గంట చేర్చింది. జెట్ విమానం నేరుగా పోగలిగితే ఆ 3 గంటల 18 నిమిషాలు నిజానికి దగ్గరగానే ఉంటుంది.

మ్యాప్ మీద ఆ గీత ఎటు పోతుందో కూడా చూడండి, బాగుంటుంది. అగత్తి నుంచి మలప్పురం మీదుగా, కోయంబత్తూరుకు కాస్త ఉత్తరంగా సాగి, చిదంబరానికి దిగువన శీర్కాళి దగ్గర బంగాళాఖాతంలోకి దిగుతుంది. సగం దారి సరిగ్గా 82.5 డిగ్రీల రేఖాంశం దగ్గర పడుతుంది. మన దేశపు గడియారాలన్నీ నడిచేది ఆ రేఖ మీదే.

నాగావళి ఒడ్డు:

పై లెక్క బాగుంది మాస్టారూ. ఆ గీత మీద ఎగిరే విమానం ఎందుకు లేదో కూడా చెప్పాలి, ఆయన అసలు అడిగింది అదే కదా.

పోర్టు బ్లెయిర్ రన్‌వే 3,290 మీటర్లు. ఏ320, 737 లాంటి పెద్ద జెట్ విమానాలు అక్కడ హాయిగా దిగుతాయి. అగత్తి రన్‌వే సుమారు 1,200 మీటర్లే. దీవి దక్షిణపు కొస మీద సన్నటి నేల అది, రెండు పక్కలా నీళ్లు. ఏ320 నిండు బరువుతో లేవాలంటే 2,000 మీటర్లు దాటిన రన్‌వే కావాలి. కాబట్టి జెట్ మాట మరిచిపోండి. అక్కడికి పోయేది ఏటీఆర్ 72 రకం, ఫ్యాన్ రెక్కలు బయటికి కనిపించే టర్బోప్రాప్.

మరి ఆ ఏటీఆర్‌నే పోర్టు బ్లెయిర్ నుంచి నడపొచ్చు కదా అంటారేమో. నిండా జనంతో అది పోగలిగేది 1,400, 1,500 కిలోమీటర్ల మేరే. 2,246కి ఇంధనం చాలదు. చాలినా దాని వేగం 275 నాట్లు, అంటే గంటకు 510 కిలోమీటర్లు. 1,213 నాటికల్ మైళ్లకు 4 గంటల 25 నిమిషాలు ఒక్క ఎగరడానికే పోతాయి.

ఇంకో చిక్కుంది, మీ సామాను సంగతికి పనికొస్తుంది. ఏటీఆర్ 72-600 గరిష్ఠ బరువుతో నేల విడవాలంటే దాదాపు 1,300 మీటర్లు కావాలి. ఉన్నది 1,200. అందుకని అగత్తి నుంచి లేచేటప్పుడు నిండు బరువుతో లేవదు. సీట్లు కొన్ని ఖాళీగా వదిలేయడమో, సామాను తగ్గించడమో చేస్తారు. ఎండ ముదిరి గాలి పలచబడితే రెక్కకు లేపే శక్తి తగ్గుతుంది, అప్పుడు ఇంకా తగ్గిస్తారు. టికెట్ మీద ఎన్ని కిలోలు రాసి ఉంటే అంతే తీసుకెళ్లండి. అదనపు సామానుకు డబ్బు కట్టినా అదే విమానంలో వస్తుందని భరోసా పెట్టుకోవద్దు.

సోంపేట కుర్రోడు:

ఇప్పుడు అర్థమైంది, ధన్యవాదాలు. అయితే మధ్యలో ఎక్కడెక్కడ మారాలి? ఒక్క రోజులో చేర్చగలమా? పనిముట్లలో గ్రైండర్లు, కార్డ్‌లెస్ డ్రిల్లులు, హోల్డర్లు, కటింగ్ టార్చి ఉన్నాయి.

కళింగ తీరం (శ్రీకాకుళం):

ఒక్క రోజులో చేర్చాలని చూడొద్దు తమ్ముడూ. రెండు రోజులు వేసుకోండి, వెనక ఇంకో రోజు ఖాళీగా ఉంచండి. ఎందుకంటారా, దారి ముక్కలు ముక్కలుగా చెప్తాను.

మొదటిది పోర్టు బ్లెయిర్ నుంచి చెన్నై. 1,374 కిలోమీటర్లు, టికెట్ మీద 2 గంటల 10 నుంచి 20 నిమిషాలు ఉంటుంది. రెండోది చెన్నై నుంచి కొచ్చి. దాదాపు 518 కిలోమీటర్లు, జెట్‌లో గంటా పది, గంటా ఇరవై. మూడోది కొచ్చి నుంచి అగత్తి. దాదాపు 467 కిలోమీటర్లు. చెన్నై, కొచ్చి ముక్క కంటే దూరం తక్కువే, కాని ఏటీఆర్ కాబట్టి గంటా పావు నుంచి గంటన్నర. మొత్తం 2,359 కిలోమీటర్లు. నేరుగా గీసిన గీత కంటే 113 ఎక్కువంతే, నూటికి ఐదు వంతులు. గాలిలో ఉండేది ఐదు గంటలు. మిగిలిన ఇరవై ఒక్క గంటలూ నేల మీదే పోతాయి, అది ఇలా.

పోర్టు బ్లెయిర్‌లో విమానాలు ఎక్కువగా పొద్దున్న మొదలై మధ్యాహ్నానికల్లా పలచబడతాయి. ఆ రన్‌వే మన నౌకాదళానిది కూడా, ఐఎన్ఎస్ ఉత్క్రోశ్ పేరుతో. ఎంత పొద్దున్నే బయల్దేరినా చెన్నైలో దిగి, సామాను తీసుకుని, మళ్లీ ఇచ్చి, కొచ్చి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అగత్తికి షెడ్యూలు విమానాలు పగటి పూటే నడుస్తాయి, అవీ చాలా తక్కువ. ఆ రోజు విమానం దొరకదు. కాబట్టి రాత్రి కొచ్చిలో ఉండాలి. యాప్ చూపిన 26 గంటలు ఇదే.

బస ఎర్నాకుళం ఊళ్లో తీసుకోవద్దు. విమానాశ్రయం నెడుంబస్సేరిలో ఉంది, ఊరికి పాతిక కిలోమీటర్లు పైనే. అంగమాలి, అత్తాణి వైపు చూసుకుంటే పొద్దున్నే ట్రాఫిక్ బెంగ ఉండదు.

టికెట్లు తీసేటప్పుడు మొదట కొచ్చి, అగత్తి ముక్క తీయండి. సీట్లు తక్కువ ఉన్నది అక్కడే. ఐదుగురికీ ఒకే విమానంలో దొరికాక దాన్నిబట్టి చెన్నై ముక్కలు వెనక్కి లెక్కేసుకోండి. మనవాళ్లు చేసే పొరపాటు ఏటంటే, పోర్టు బ్లెయిర్ టికెట్ చవగ్గా ఉందని ముందు కొనేసి, తరువాత అగత్తికి ముగ్గురికే సీటు దొరికి ఇద్దరు కొచ్చిలో ఉండిపోవడం.

వీలైతే పోర్టు బ్లెయిర్ నుంచి కొచ్చి వరకు ఒకే పీఎన్ఆర్ మీద తీయండి. వేర్వేరు టికెట్లయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు రెండో కంపెనీకి బాధ్యత ఉండదు, డబ్బు పోయినట్టే. ఒకే పీఎన్ఆర్ అయితే వాళ్లే తరువాతి విమానంలో కూర్చోబెడతారు. సామాను కూడా మామూలుగా నేరుగా కొచ్చికి ట్యాగ్ అవుతుంది, కౌంటర్లో అడిగి ట్యాగ్ మీద చూసుకోమనండి.

ఇంకో మాట. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్టు బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. విమానాశ్రయం మాత్రం వీర్ సావర్కర్ పేరుతోనే ఉంది, కోడ్ కూడా పాతదే, ఐఎక్స్‌జడ్. కొన్ని యాప్‌లలో పాత పేరు కొడితేనే వస్తుంది, కొన్నింట్లో కొత్త పేరు. కోడ్ కొడితే ఎక్కడైనా వస్తుంది. అగత్తి కోడ్ ఏజీఎక్స్. మీకు "విమానం లేదు" అని వచ్చింది బహుశా నేరు విమానం గడిలో టిక్కు ఉండటం వల్ల, లేదా ఆ తేదీన అగత్తి సర్వీసు లేకపోవడం వల్ల.

పనిముట్లు. గ్రైండర్, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, హోల్డర్లు అన్నీ చెక్‌ఇన్ సంచిలోనే వేయాలి, చేతి సంచిలో ఒక్కటి కనిపించినా ఆపేస్తారు. కార్డ్‌లెస్ డ్రిల్లు బ్యాటరీలకు దీనికి తిరగేసిన నియమం. మిషన్ నుంచి విడిగా ఉన్న లిథియం బ్యాటరీ చేతి సంచిలోనే ఉండాలి, కింద సామానులో వేయకూడదు. అది రాజుకుంటే కింద ఆర్పేవాళ్లు ఉండరు కనుక. బ్యాటరీ మీద వోల్టులనీ ఆంపియర్ అవర్లనీ గుణించండి. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అయితే 90 వాట్ అవర్లు. 100 లోపు ఉంటే ఫరవాలేదు. 100 నుంచి 160 మధ్యవి విమాన సంస్థ అనుమతితో మనిషికి రెండే. 160 దాటితే అసలు ఒప్పుకోరు. కొనలకు ఇన్సులేషన్ టేపు చుట్టి, ఒక్కోటి వేరే కవరులో పెట్టమనండి.

కటింగ్ టార్చి, గ్యాస్ సిలిండర్, థిన్నరు, పెయింటు, లైటరు వద్దు. టార్చి కొత్తదైతే వాదించి తీసుకెళ్లొచ్చేమో గాని, వాడినదానికి గ్యాస్ వాసన ఉంటుంది, స్కానింగ్ దగ్గర ఐదుగురి పనీ ఆగిపోతుంది. ఎలక్ట్రోడ్ల ప్యాకెట్లకు అభ్యంతరం లేదు, కాని బరువు. పైన నాగావళి గారు చెప్పిన రన్‌వే లెక్క గుర్తుంచుకుని, బరువైన సామాను కొచ్చి నుంచి ఓడలో వేయించండి. వానాకాలంలో ఓడ తేదీలను నమ్ముకోలేం, నెల ముందే పంపాలి.

నాగావళి ఒడ్డు:

పై దాంట్లో ఒక చిన్న చేర్పు. అగత్తికి కొచ్చి ఒక్కటే దారి అనుకోవద్దు. బెంగళూరు నుంచి కూడా 2024లో ఏటీఆర్ సర్వీసు మొదలైంది. మీరు వెళ్లే వారంలో అది నడుస్తోందో లేదో చూసుకుని, ఉంటే చెన్నైకి బదులు బెంగళూరు మీదుగా కూడా ఒకసారి లెక్కేసి చూడండి.

బొబ్బిలి వీణ:

మీవాళ్లు ఏ నెలలో వెళ్తున్నారో చెప్పలేదు. సమయాన్ని మార్చేది గాలే కాబట్టి అది రాస్తున్నాను.

మామూలుగా విమానాల గురించి చెప్పేటప్పుడు తూర్పుకు పోతే తొందరగా చేరతాం, పడమరకు ఆలస్యం అంటారు. అది ఢిల్లీ వైపు ఎత్తున వీచే పడమటిగాలిని చూసి చెప్పే మాట. మన దక్షిణాదిలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు దానికి తలకిందులుగా ఉంటుంది. నేల మీద నైరుతిగాలి కొడుతూ వాన పడుతున్నప్పుడే, పన్నెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి పైకి బలమైన తూర్పుగాలి వీస్తుంది. జెట్ ఎగిరేది ఆ ఎత్తుకు దగ్గర్లోనే. పోర్టు బ్లెయిర్, చెన్నై మధ్య 742 నాటికల్ మైళ్లు. విమానం వేగం 450 నాట్లనుకోండి. గాలి లేకపోతే 99 నిమిషాలు. 40 నాట్ల తూర్పుగాలి వెనకనుంటే 91, అదే ఎదురుంటే 109. అంటే వానాకాలంలో పోర్టు బ్లెయిర్ నుంచి వచ్చేటప్పుడు తొందరగా, వెళ్లేటప్పుడు ఆలస్యంగా, మధ్యలో పద్దెనిమిది నిమిషాల తేడా. మీవాళ్లు పడమరకు వస్తున్నారు, కలిసొస్తుంది.

ఏటీఆర్ అంత ఎత్తుకు పోదు. ఆరు కిలోమీటర్ల లోపే ఎగురుతుంది. వానాకాలంలో కింది ఎత్తుల్లో పడమటిగాలి ఎదురు కొడుతుంది, పైగా దాని వేగమే తక్కువ. కొచ్చి నుంచి అగత్తికి 252 నాటికల్ మైళ్లు, గాలి లేకపోతే 275 నాట్ల మీద 55 నిమిషాలు. 25 నాట్లు ఎదురైతే 60 దాటుతుంది. పెద్ద తేడా కాదు. అసలు భయం వేరే, గాలి అడ్డంగా కొట్టడం, వాన తెర కట్టి రన్‌వే కనిపించకపోవడం. అలాంటప్పుడు అగత్తి మీద కాసేపు తిరిగి మళ్లీ కొచ్చికే వస్తారు.

పోర్టు బ్లెయిర్‌దీ అదే సంగతి. దగ్గర్లో దిగడానికి వేరే పెద్ద రన్‌వే లేదు, అందుకే ప్రధాన భూమికి తిరిగి రాగలిగేంత ఇంధనం వేసుకునే పోతారు. ఆకాశం బాగోకపోతే చెన్నై నుంచి పోయిన విమానం చెన్నైకే తిరిగి వస్తుంది. మీవాళ్లకు దీనివల్ల ఇబ్బంది ఏమిటంటే, వాళ్లు ఎక్కాల్సిన విమానం అక్కడికి రాకుండానే వెనుదిరుగుతుంది, దాంతో తిరుగు ప్రయాణం రద్దవుతుంది. మే నుంచి సెప్టెంబరు వరకు వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానులు. కళింగ తీరం గారు చెప్పిన ఆ ఒక్క ఖాళీ రోజు ఈ నెలల్లో రెండు రోజులు చేయండి. జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో అయితే ఒకటి చాలు.

సోంపేట కుర్రోడు:

జూలై రెండో వారం అండి. అయితే రెండు రోజులు ఖాళీ ఉంచుతాం. గడియారం ఏమైనా మారుతుందా? పని అయ్యాక ఐదుగురూ అగత్తి నుంచి ఇంటికే వస్తారు. తరువాతి బ్యాచ్ మాత్రం ఇక్కణ్నుంచి పోర్టు బ్లెయిర్ వెళ్తుంది. వాళ్లకు విశాఖ నుంచి దగ్గరా, చెన్నై నుంచా?

గంటస్తంభం:

గడియారం మారదు, రెండు చోట్లా మన భారత కాలమే. అందుకే టికెట్ మీద దిగే సమయంలోంచి బయల్దేరే సమయం తీసేస్తే వచ్చేదే ప్రయాణ సమయం. ఇదే మాలే అయితే అక్కడి గడియారం మనకంటే అర గంట వెనక, ఆ తీసివేత తప్పు చూపిస్తుంది.

సూర్యుడు మాత్రం మారతాడు. నేను పైన చెప్పిన 82.5 రేఖ నుంచి పోర్టు బ్లెయిర్ పది డిగ్రీల పైచిలుకు తూర్పున, అగత్తి అంతే పడమరన. డిగ్రీకి నాలుగు నిమిషాలు. పోర్టు బ్లెయిర్‌లో పొద్దు గడియారం కంటే 41 నిమిషాలు ముందు, అగత్తిలో 41 నిమిషాలు వెనక. మన విజయనగరం 83.4 మీద ఉంది కాబట్టి మనకు నాలుగు నిమిషాల తేడాయే. పోర్టు బ్లెయిర్‌లో ఐదింటికే తెల్లారడానికి అలవాటు పడినవాళ్లు అగత్తిలో అదే సమయానికి పనికి దిగితే చీకట్లో నిలబడతారు. షిఫ్టు సమయం రాసేటప్పుడు ఇది చూసుకోండి.

విశాఖ నుంచి పోర్టు బ్లెయిర్ 1,225 కిలోమీటర్లు, చెన్నై నుంచి 1,374. మనకు విశాఖే 150 కిలోమీటర్లు దగ్గర. భోగాపురం నుంచి లెక్కేసినా ఐదారు కిలోమీటర్ల తేడాయే. మీరు వెళ్లే రోజుకు విశాఖ నుంచి నేరు విమానం ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే చెన్నై మీదుగా మారి వెళ్లాలి. అప్పుడు విశాఖ, చెన్నై ముక్క అదనంగా పడుతుంది, కాబట్టి దగ్గర అన్న మాటకు విలువ ఉండదు.

కళింగ తీరం (శ్రీకాకుళం):

తమ్ముడూ, అందరం విమానాల దగ్గరే ఆగిపోయాం. అండమాన్‌లో పోర్టు బ్లెయిర్ వెళ్లడానికి మనవాళ్లకు ఏ అనుమతీ అక్కర్లేదు. లక్షద్వీప్ అలా కాదు. అక్కడి స్థానికులు కానివాళ్లు, భారతీయులైనా సరే, ప్రవేశ అనుమతి పత్రం తీసుకోవాలి. అది చేతిలో లేకపోతే కొచ్చిలో విమానం ఎక్కనివ్వరు. దానికి పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. మనుషులు పోర్టు బ్లెయిర్‌లో ఉన్నారు, ఇళ్లు సోంపేట వైపు. ఆ సర్టిఫికెట్ ఎక్కడి స్టేషన్ నుంచి రావాలో పని ఇచ్చినవాళ్లను ఈరోజే అడగండి. పని మీద పోయేవాళ్లకు పర్యాటకులకిచ్చే పత్రం పనికిరాదు, ఏ రకం అనుమతో వాళ్లే రాసి ఇవ్వాలి. ఇది చేతికి వచ్చాకే టికెట్ కొనండి.

సోంపేట కుర్రోడు:

ఇది అసలు తెలియదన్నా. ఐదుగురిలో ఒకతని ఆధార్ బరంపురం చిరునామాతో ఉంది, పేరు కూడా టికెట్లలో ఇంటిపేరు లేకుండా కొడుతున్నారు. దాంతో ఇబ్బందా?

కళింగ తీరం (శ్రీకాకుళం):

బరంపురం అంటే ఒడిశా పోలీసుల దగ్గరికి పోవాల్సి రావచ్చు, అతని దరఖాస్తు అందరికంటే ముందు పెట్టండి. పేరు మాత్రం ఆధార్‌లో ఎలా ఉందో అనుమతి పత్రంలోనూ టికెట్లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మన ఇంటిపేర్లు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా రాయడం వల్లే కౌంటర్ దగ్గర ఆపేస్తుంటారు. ఐదుగురి ఆధార్ ఫొటోలూ ముందు పెట్టుకుని, టికెట్ ఫారం మీరే నింపండి.